సర్వసాక్షి చూపు - సాటి మనుజుని చూపు

భగవంతుడు సర్వసాక్షి. ఆయన కన్నుగప్పి ఏ ప్రాణియు ఏ పనియు చేయజాలదని పెద్దలు పిల్లలకు చిన్ననాటనే బోధించుచుందురు. ఒంటరిగా ఉన్న వేళ ఎందరినో తప్పుదారి త్రొక్కకుండ కాపాడినది ఈ నమ్మకమే. కాని నేటి కాలమున ఈ నమ్మకమునే ఊతగా చేసికొని ఒక వాదము తరచుగా వినవచ్చుచున్నది. "అంతయు చూచువాడు పైనొకడున్నాడు గదా! తప్పు చేయనివానికి దాపరికమెందులకు? మన సంగతులు ఫోను కంపెనీ చూచిననేమి, ప్రభుత్వము చూచిననేమి?" అని ఆస్తికులే అనుచున్నారు.

దర్శనమునకై వేచియుండు వరుసలలోను, రైలుపెట్టెలలోను, ఇంటి వసారాలలోను ఈ విషయమై భిన్నాభిప్రాయములు వినబడుచుండును. ఉచితముగా వచ్చు సౌకర్యమునకు బదులుగా మన వివరములు కొన్ని ఇచ్చిన నష్టము లేదని యువకులు కొందరందురు. ప్రభుత్వము అడిగినదనగా అది మన మేలుకేయని వృద్ధులు కొందరందురు. మన గుట్టు ఎప్పుడో బయటపడినది, ఇప్పుడు తలుపు మూసి ప్రయోజనమేమని నిట్టూర్చువారును కలరు. ఈ మాటలన్నిటి వెనుక ఒక ధర్మసందేహము దాగియున్నది. ఒకరి బ్రతుకును మరియొకరు చూచుటకు హద్దు కలదా? ఉన్నచో, ఆ హద్దును నిర్ణయించు ధర్మమేది?

ముందుగా, కాలము తెచ్చిన మార్పును గుర్తింపవలెను. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా తెంభ్లీ గ్రామమున తొలి ఆధార్ సంఖ్యలు ఇవ్వబడినవి. ఆ పన్నెండంకెల వెనుక మనుష్యుని వ్రేలిముద్రలు, కనుపాపల గుర్తులు, ముఖచిత్రము భద్రపరుపబడియుండును. 2016లో యు.పి.ఐ. విధానము వచ్చిన పిమ్మట మూరెడు చామంతులు కొన్నను ఆ కొనుగోలు ఎక్కడనో నమోదగుచున్నది. తిరుమలలో వసతిగదుల కేటాయింపు మున్నగు వాటిలో ముఖమును గుర్తించు యంత్రపద్ధతిని 2023 మార్చి 1 నుండి ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టిరి. ఇవియన్నియు దోషములని చెప్పరాదు. దళారులను అరికట్టి గదిని అసలైన యాత్రికునికే చేర్చుట మంచిపనియే. పేదవాని బియ్యము, వృద్ధురాలి పింఛను మధ్యవర్తుల చేత చిక్కక వారికే అందుటయు మంచిదియే.

అయినను ఒక భేదము కలదు. పూర్వము పల్లెలో కరణమునకు మన పొలము సంగతి తెలియును, తపాలా బంట్రోతునకు మన ఉత్తరముల సంగతి తెలియును, కోమటికి మన అప్పుల సంగతి తెలియును. కాని ఎవరికి తెలిసినది వారివద్దనే ఉండెడిది. కొంతకాలమునకు వారు మరచెడివారు. వారు మనలను ఎరిగినట్లే మనమును వారిని ఎరిగియుంటిమి. యంత్రమునకు మరపు లేదు. మందుల దుకాణమున కొన్నది, ప్రయాణము చేసినది, రాత్రివేళ చదివినది - ఇవియన్నియు ఒకచోట చేర్చినచో ఒక మనుష్యుని నిలువెత్తు బొమ్మ తయారగును. ఆ బొమ్మను చూచువాడెవడో చూడబడువానికి తెలియదు. చూచువాడు చీకటిలో, చూడబడువాడు వెలుగులో ఉండుటయే ఇందలి చిక్కు.

ఇప్పుడు మొదటి వాదమును విచారింతము. భగవంతుని చూపును, మనుష్యుని చూపును ఒకే త్రాసునందు తూచవచ్చునా? పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చారూపములని పెద్దలు చెప్పిన ఐదింటిలో అంతర్యామి హృదయమునందే ఉండి సర్వమును ఎరిగినవాడు. అయితే ఆయన అవాప్తసమస్తకాముడు. మన రహస్యము తెలిసినందువలన ఆయనకు కలుగు లాభము లేదు. ఒకరి సంగతి మరియొకరికి చెప్పడు. ఆశ్రితుని దోషమును చూచియు తల్లి బిడ్డను చూచినట్లు వాత్సల్యముతో చూచును. లాభాపేక్ష లేని చూపు, బయటపెట్టని చూపు, దయగల చూపు కావుననే ఆ చూపు శరణ్యమైనది. అమ్ముకొనుటకు చూచు వ్యాపారికి గాని, అనుమానముతో చూచు అధికారికి గాని ఈ మూడు లక్షణములలో ఒక్కటియైనను ఉన్నదా? సర్వజ్ఞత్వమును కోరుచు వాత్సల్యమును వదలివేసిన చూపు భగవంతుని చూపునకు పోలిక కాజాలదు.

"తప్పు లేనివానికి దాపరికమెందులకు" అను మాటకు ఆలయాచారమే సమాధానము చెప్పుచున్నది. నివేదన వేళ స్వామికి తెర వేయుదురు. అలంకారమునకును తెర వేయుదురు. తిరుమలలో రాత్రి ఏకాంతసేవ ముగిసిన పిమ్మట బంగారువాకిలి మూయబడును. స్వామికి దాచుకొనవలసిన దోషమేమున్నది? తెర దోషమునకు గుర్తు కాదు, మర్యాదకు గుర్తు. సంతానము లేక వైద్యుని ఆశ్రయించిన దంపతులు, అప్పు తీర్చలేక కుమిలిపోవుచున్న గృహస్థు, ఒంటరిగా కాపురముండు వృద్ధురాలు - వీరెవరును తప్పు చేసినవారు కారు. అయినను వారికి ఒక తెర కావలెను. దాచుటకు తప్పే ఉండనక్కరలేదు. నొప్పి ఉన్నను చాలును.

ఇక చూచువాని ధర్మమేమి? సుందరకాండయందు హనుమంతుడు దీనికి ఆదర్శము చూపినాడు. సీతాన్వేషణలో ఆయన రావణాంతఃపురమున ప్రవేశించి, నిద్రించుచున్న స్త్రీలను చూచెను. వెంటనే ఆయన మనస్సున శంక పొడమినది. పరస్త్రీలను ఇట్లు చూచుట ధర్మలోపము కాదా యని కలతజెందెను. పిమ్మట తన్ను తాను పరీక్షించుకొనెను. స్త్రీని స్త్రీల నడుమనే గదా వెదకవలెను, ఇచట వెదకక గత్యంతరము లేదని ఒక సమాధానము. ఇంద్రియములను నడపునది మనస్సు, అంత చూచినను తన మనస్సు చలింపలేదని మరియొక సమాధానము. సీత అచట కానరాకపోగా ఆ చోటు విడిచి ముందునకు సాగెను.

ఈ ఘట్టమున గమనింపదగిన విశేషము కలదు. హనుమంతుడు వచ్చినది లోకోత్తరమైన కార్యము మీద. "నేను రామకార్యము మీద వచ్చితిని, నాకడ్డేమి" అని ఆయన అనుకొనలేదు. పని గొప్పదైనను చూపునకు వేరుగా జవాబు చెప్పుకొనవలెనని ఆయన తలచెను. "మీరేమి దాచుచున్నారు" అని నిద్రించువారిని ప్రశ్నింపలేదు. "నేనేల చూచితిని" అని తన్నే ప్రశ్నించుకొనెను. సంజాయిషీ చెప్పవలసినది చూడబడువాడు కాదు, చూచువాడు. ధర్మసూక్ష్మమంతయు ఇందే ఉన్నది.

మన దేశపు న్యాయస్థానములును చాలకాలము తర్కించి ఇంచుమించుగా ఈ నిర్ణయమునకే వచ్చినవి. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అను వ్యక్తిని ఒక దోపిడీ కేసులో పట్టుకొని, సాక్ష్యము లేనందున విడిచిపెట్టిరి. అయినను పోలీసులు ఆయనపై నిఘా విడువలేదు; అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టి నిద్ర లేపెడివారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలను మాత్రము కొట్టివేసి, ఏకాంతము రాజ్యాంగము హామీయిచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాక న్యాయమూర్తుల తీర్పుగా చెప్పినది. ఆ ధర్మాసనమున రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావు గారు ఉండిరి. ఒకని ప్రతి కదలికను ఒక కన్ను వెంబడించుచున్నప్పుడు కాళ్లకు సంకెల లేకున్నను వాడు స్వేచ్ఛగా తిరుగుచున్నట్లు కాదనియు, ప్రత్యేకముగా పేర్కొనకున్నను ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో భాగమేననియు ఆయన భిన్నమైన తీర్పు వ్రాసిరి. న్యాయమూర్తి జె.సి. షా గారు ఆయనతో ఏకీభవించిరి. 1966లో సుబ్బారావు గారు భారత ప్రధాన న్యాయమూర్తి అయిరి గాని, ఆ మాట మాత్రము అల్పసంఖ్యాకుల అభిప్రాయముగనే మిగిలిపోయినది.

కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి గారు ఆధార్ విషయమై 2012లో సుప్రీంకోర్టు నాశ్రయించుటతో ఆ ప్రశ్న మరల తలయెత్తినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమికహక్కు అని తీర్పు చెప్పిరి. సుబ్బారావు గారు వ్రాసిన మాట యాబదియైదేండ్లకు గెలిచినది. అయితే ఈ హక్కు అపరిమితము కాదనియు ఆ న్యాయమూర్తులే చెప్పిరి. ప్రభుత్వము చూడవలెనన్న అందుకు చట్టముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, చూపు ఆ ప్రయోజనమునకు తగినంతయే ఉండవలెను. అశోకవనమునకు పోవు దారిలో హనుమంతుడు తన్ను తాను అడిగినదియు ఇంచుమించు ఇదియే. 2018 సెప్టెంబరు 26న వేరొక ధర్మాసనము ప్రభుత్వసహాయములకు ఆధార్‌ను అంగీకరించుచు, బ్యాంకుఖాతాలకు, ఫోను కనెక్షన్లకు దానిని నిర్బంధముగా జోడింపరాదని చెప్పుటయు ఈ కొలత ప్రకారమే.

2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు ఒక చట్టము చేసినది. వైద్యసలహా నిచ్చు యాప్ ఒకటి రోగి ఫోనులోని పేర్ల పట్టికను కూడ అడిగినచో, వైద్యమునకు అది అవసరము కాదు గనుక రోగి ఒప్పుకొన్నను ఆ ఒప్పుకోలు చెల్లదని ఆ చట్టమే ఉదాహరణముగా చెప్పుచున్నది. అనుమతి కోరు పత్రమును తెలుగు మున్నగు భాషలలో చదువుకొను వీలు ఉండవలెననియు, ఇచ్చినంత సులభముగా అనుమతిని వెనుకకు తీసికొను వీలు ఉండవలెననియు అందున్నది. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. సంస్థలపై ముఖ్యమైన బాధ్యతలు అమలగుటకు పదునెనిమిది నెలల గడువు నిచ్చిరి. అయితే కేంద్రము ప్రకటించిన ప్రభుత్వసంస్థలకు మినహాయింపు నిచ్చు అధికారమును ఆ చట్టముననే కలదు. వ్యాపారికి గీచిన గీత రాజునకును గీయవలదా యని విజ్ఞులు ప్రశ్నించుచున్నది ఇందువలననే.

ఆ 2025 చివరనే మరియొక సంగతి జరిగినది. పోయిన ఫోనును నిలుపుదల చేయుటకు, తమ పేరున ఇతరులు తీసికొన్న కనెక్షన్లను కనుగొనుటకు ఉపకరించు సంచార్ సాథీ అను ప్రభుత్వ యాప్‌ను కొత్త ఫోనులన్నిటియందు ముందుగనే ఉంచవలెనని టెలికాం శాఖ తయారీదారులను ఆదేశించినది. దొంగల బెడద తగ్గునని కొందరు సంతోషించిరి. అడుగకయే ఇంట ప్రవేశించిన అతిథి యేమి చూచునో యని కొందరు శంకించిరి. డిసెంబరు 3న ప్రభుత్వము ఆ నిర్బంధమును ఉపసంహరించుకొనినది. ఇరువురి మాటలోను న్యాయము కలదు. ఉపకారమైనను తలుపు తట్టి రావలెనన్నదే ఇందలి నీతి. కోరి తెచ్చుకొన్న దీపము వేరు, అడుగక వెలిగించిన దీపము వేరు.

అయితే ప్రభుత్వమును, కంపెనీలను ప్రశ్నించి ఊరకుండిన చాలదు. నేడు ప్రతి గృహస్థును చూచువాడే. ఫోనులోని పేర్ల పట్టిక మనది కాదు. అందున్న ప్రతి సంఖ్యయు మరియొకరిది. పనికిమాలిన యాప్‌నకు దానిని అప్పగించినప్పుడు మన గుట్టు కాదు, వారి గుట్టు ఇచ్చివేసితిమి. పుష్కరిణిలో స్నానమాడుచున్న పరాయి యాత్రికులను ఫొటో తీసి పదిమందికి పంపువారును, బంధువు ఆసుపత్రి కాగితమును కుటుంబ వాట్సాప్ బృందమున పెట్టువారును, కోడలి ఫోనును ఆమె లేనప్పుడు తెరచి చూచువారును "మాకు దురుద్దేశము లేదు" అనియే చెప్పుదురు. హనుమంతునకును దురుద్దేశము లేదు. అయినను ఆయన ఆగి ఆలోచించెను.

ఆచరణకు కష్టమైనదేమియు లేదు. గుర్తింపు చూపవలసిన చోట చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధార్ ప్రతిని తీసికొనుటకు వీలున్నది. అది చాలునన్న చోట దానినే ఇయ్యవచ్చును. దీపము వెలిగించు యాప్ మన చిరునామా అడిగినచో కాదనవచ్చును. పరుల చిత్రమును పంపుటకు ముందు వారిని ఒక్కమాట అడుగవచ్చును. ఇంటిలోని పిన్నలకు, పెద్దలకు ఎవరి తెర వారికి ఉండనీయవచ్చును.

సర్వమును చూచు స్వామి గర్భాలయమున తెర వెనుక ఏకాంతమును అంగీకరించుచున్నాడు. కొంచెము మాత్రమే చూడగల మానవుడు ఎదుటివాని తెరను లాగివేయుటకు ఎంత జంకవలెను! చేయి తెరమీద పడిన క్షణమున "దీనిని చూడవలసిన అవసరము నాకేమి, చూచిన పిదప నా మనస్సెట్లుండును" అని ఎవడు తన్ను తాను ప్రశ్నించుకొనునో, వాని కన్ను పవిత్రమగును. ఆ కన్నే దర్శనమునకు అర్హమైన కన్ను.