ఇల్లు మారితే బాకీ మారుతుందా?

అనంతపురం జిల్లా కంబదూరు ప్రాంతంలో వానచినుకు ఎంత అరుదో మనకు తెలియనిది కాదు. పడమటి కనుమల వాననీడలో ఉన్న ఈ మెట్టనేలలో వేరుశనగ చేతికి రాని ఏడాది వస్తే, బతుకుదెరువు కోసం ఎన్నో కుటుంబాలు బెంగుళూరు దారి పడతాయి. పోయేముందు సామాను సర్దుకుంటారు. ఇరుగుపొరుగుకు సలాం చెబుతారు. అద్దె ఇల్లయితే తాళంచెవి యజమాని చేతికిస్తారు. కాని గోడకున్న కరెంటు మీటరును చాలామంది పట్టించుకోరు. కొన్నాళ్ళకు చివరి బిల్లు వస్తుంది. ఎప్పుడూ వచ్చేదానికి రెండింతలో మూడింతలో ఉంటుంది. అక్కడే తగాదా మొదలవుతుంది.

అప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఊరే వదిలేశాం, ఇక మనల్ని ఎవరడుగుతారు?" అన్నది ఒకటి. "పోనీలే, సబర్ చేద్దాం, ఎంతైతే అంత కట్టేద్దాం" అన్నది రెండోది. మొదటిది తెలివిగానూ, రెండోది భక్తిగానూ కనిపిస్తాయి. కాని ఈ రెండింటిలోనూ లెక్క చూసుకునే పని ఎగిరిపోయింది. విశ్వాసి చేయవలసిన పని మాత్రం ఆ లెక్క చూసుకోవడమే.

బాకీ బరువు

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక జనాజా నమాజు చేయించవలసి వచ్చినప్పుడు మృతునికి అప్పు ఉందా అని అడిగారు. మూడు దీనార్లు ఉందన్నారు. తీర్చడానికి ఏమైనా విడిచి వెళ్ళాడా అంటే ఏమీ లేదన్నారు. అయితే మీ మిత్రునికి మీరే నమాజు చేసుకోండని ఆయన పక్కకు తప్పుకున్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు నాదంటూ మీద వేసుకున్న తర్వాతే నమాజు చేయించారు. సహీహ్ బుఖారీలోని ఈ సంఘటన మనలో చాలామంది విన్నదే. అయితే అప్పు అనగానే మనకు షావుకారో, చేబదులిచ్చిన బంధువో గుర్తొస్తారు. వాడుకున్న కరెంటు, నీళ్ళు, ఫోను తాలూకు సొమ్ము కూడా అప్పేనని గుర్తు రాదు. ఒకరి సేవను ప్రతిఫలం మీద వాడుకోవడాన్ని ఫిఖ్హ్ ఒప్పందంగా చూస్తుంది. వాడుకున్న మేరకు ఆ ప్రతిఫలం మన మెడ మీద ఉంటుంది.

"అది ప్రభుత్వ సంస్థే కదా" అనే మాట ఇంకా ప్రమాదకరమైనది. కంబదూరుకు కరెంటిచ్చేది తిరుపతి కేంద్రంగా నడిచే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. అది ప్రభుత్వానిది, అంటే ప్రజలందరిదీ. ఒక మనిషికి మనం బాకీ ఉంటే ఆయన కాళ్ళావేళ్ళా పడి హలాల్ చేయించుకోవచ్చు. ప్రజలందరి సొమ్మును హలాల్ చేసే అధికారం ఏ లైన్‌మన్‌కు ఉంది? ఏ ఆఫీసరుకు ఉంది? ఖైబర్ సమరంలో పంపకానికి ముందే ఉమ్మడి సొమ్ములోంచి ఒక దుప్పటి తీసుకున్న మనిషి గురించి దైవప్రవక్త (స) ఎంత కఠినంగా హెచ్చరించారంటే, అది విన్న ఒకతను భయపడి తన దగ్గరున్న చెప్పుల తోలువార్లు తెచ్చి ముందు పెట్టాడు.

రెండు సూత్రాలు

అయితే వచ్చిన బిల్లంతా అప్పేనా? కాదు. మదరసాల్లో విద్యార్థులకు నేర్పే ఫిఖ్హ్ సూత్రాల్లో రెండు ఇక్కడ మనకు దారి చూపుతాయి. ఉస్మానీ ప్రభుత్వం 1869 నుంచి 1876 వరకు కూర్పించిన 'మజల్లా' అనే న్యాయ సంపుటిలోనూ ఇవి ఆరంభంలోనే ఉంటాయి. మొదటి సూత్రం సారాంశం: మనిషి మూలతః ఏ బాధ్యతా లేనివాడు. అతను బాకీ ఉన్నాడనేవాడే దాన్ని నిరూపించాలి. రెండోదాని సారాంశం: నిశ్చయంగా స్థిరపడినది కేవలం అనుమానంతో తొలగిపోదు.

చివరి బిల్లు తగాదాలో ప్రతి పక్షమూ తనకు అనుకూలమైన సూత్రాన్నే పట్టుకుంటుంది. "మేం బాకీ ఉన్నామని మీరే రుజువు చేయండి" అంటాడు వినియోగదారుడు. "మీరు ఆ ఇంట్లో ఉన్నది నిశ్చయం, వాడింది నిశ్చయం, కట్టినట్టు మీరే రసీదు చూపండి" అంటుంది సంస్థ. మా దృష్టిలో విశ్వాసికి, వాదించేవాడికి తేడా ఇక్కడే ఉంది. వాదించేవాడు తనకు లాభించే సూత్రాన్ని మాత్రమే ఎదుటివాడి ముందు పెడతాడు. విశ్వాసి తనకు వ్యతిరేకంగా ఉన్న సూత్రాన్ని ముందు తన మీద ప్రయోగించుకుంటాడు. నిశ్చయమైన భాగాన్ని వేరు చేసి వెంటనే చెల్లిస్తాడు. అనుమానం ఉన్న భాగాన్ని మాత్రమే వివాదంలో ఉంచుతాడు.

ఒక ఉదాహరణ

కంబదూరులో ఒక అద్దె ఇంటిని ఊహించుకుందాం. కిందటి బిల్లు నాటికి మీటరు 4,262 దగ్గర ఉంది. ఖాళీ చేసిన రోజు 4,310. చివరి బిల్లు మాత్రం 4,390 దాకా వేశారు. మొత్తం 128 యూనిట్లు. ఇందులో 48 యూనిట్లు ఈ కుటుంబానివి. మిగతా 80 యూనిట్లు తాళం అప్పగించిన తర్వాత మరమ్మతుకో, కొత్తగా దిగినవారికో ఖర్చయినవి. పైగా యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే పద్ధతి కాబట్టి 128 యూనిట్లు ఒకే బిల్లులో పడితే పైనున్న యూనిట్లకు ఎక్కువ ధర పడుతుంది. రీడింగు ఆలస్యంగా తీసినా, తాళం వేసి ఉందని అంచనా బిల్లు వేసినా ఇలాంటి చిక్కే వస్తుంది.

ఇక్కడ కుటుంబం చేయవలసింది ఏమిటి? 48 యూనిట్ల సొమ్ము అణా పైసలతో కట్టాలి. 80 యూనిట్లనూ, వాటి మూలంగా పెరిగిన రేటునూ ధైర్యంగా ప్రశ్నించాలి. "మేం లేనప్పుడు పైసా కూడా కట్టం" అనడం మాత్రం తొందరపాటు. కనెక్షను ఉన్నంతకాలం వాడినా వాడకపోయినా స్థిర ఛార్జీ పడుతుంది. ఖాళీ చేసిన నెలలో అది ఎవరి వంతు అన్నది అద్దె మాటలోనో, ఊరి ఆనవాయితీలోనో తేలుతుంది. ఒప్పందంలో చెప్పని చోట ఆనవాయితీకి విలువ ఉంటుందని ఫిఖ్హ్ కూడా ఒప్పుకుంటుంది.

విశేషమేమిటంటే దేశ చట్టం కూడా ఈ విభజననే చూపిస్తోంది. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బకాయి కోసం సరఫరా ఆపాలంటే 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసివ్వాలి. బిల్లు మీద వివాదం ఉన్నప్పుడు వినియోగదారుడు అడిగిన మొత్తమో, గత ఆరు నెలల సగటు లెక్కనో, ఏది తక్కువైతే అది తన ఆక్షేపణను తెలుపుతూ కడితే, వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదు. అంటే "ఇంత ఒప్పుకుంటున్నాం, ఇంతకు అభ్యంతరం" అని చెప్పే వీలు చట్టంలోనే ఉంది. అభ్యంతరాన్ని 42వ సెక్షన్ కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడ న్యాయం దొరకకపోతే అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తాము ఇప్పుడు ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లో కూడా ఫిర్యాదు వేయవచ్చు. కాబట్టి బెంగుళూరు చేరిన కుటుంబం దూరమని వదులుకోనక్కరలేదు.

అడగడం సబర్‌కు విరుద్ధమా?

కాదు. ఒకతను దైవప్రవక్త (స) దగ్గర తనకు రావలసిన ఒంటెను కటువుగా అడిగాడు. సహాబీలు (రజి) అతని మీదికి వెళ్ళబోతే ఆయన ఆపి, హక్కు ఉన్నవాడికి మాట్లాడే అధికారం ఉందన్న భావం చెప్పి, అతనికి అంతకంటే మంచి ఒంటెను ఇప్పించారు. మన మీద లేని సొమ్ము అడిగినప్పుడు కాదనడం, డిపాజిట్టు తిరిగి అడగడం మన హక్కు. ఆ డిపాజిట్టుకు వడ్డీ జతచేయాలని, కట్టినవారు కోరితే తిరిగివ్వాలని చట్టంలో 47వ సెక్షన్ చెబుతోంది. వడ్డీ భాగాన్ని ఏం చేయాలన్నది పండితులను అడిగి తెలుసుకోండి. అసలు మాత్రం నిస్సంకోచంగా మీది. తన హక్కును ఇష్టపూర్వకంగా వదులుకోవడం పుణ్యమే. అయితే తెలియక, భయపడి, బద్ధకించి వదులుకున్నదానికి సబర్ అని పేరు పెట్టకూడదు. ఆ సొమ్ములో పిల్లల తిండి, చదువు కూడా ఉన్నాయి.

అయితే మీటరు చూసే కుర్రవాడి మీద నోరు పారేసుకోకూడదు. రేటు నిర్ణయించింది అతను కాదు.

మీటరు కూడా త్రాసే

దివ్య ఖుర్‌ఆన్ 83వ సూరా తూకాల్లో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ మొదలవుతుంది. తాము తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారి గతిని చెబుతుంది. నేటి త్రాసుల్లో మీటరు ఒకటి. ఇంటి గడప తొక్కకుండా అంకె రాసుకుపోయే ఉద్యోగికి ఆ హెచ్చరిక ఎంత వర్తిస్తుందో, మీటరు తిరగకుండా తీగ కలుపుకునే ఇంటివాడికీ అంతే వర్తిస్తుంది.

మరి ఖాళీ చేసిన రోజు రీడింగు రాసుకోలేదు, రుజువు ఏదీ లేదు. అప్పుడెలా? ఆ ఇంట్లో ఏం వాడారో సంస్థకు తెలియదు, మీకు తెలుసు. దైవప్రవక్త (స) తన దగ్గరకు వచ్చే వాదులను ఉద్దేశించి చేసిన హెచ్చరిక హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ద్వారా మనకు చేరింది. ఒకరి వాదనాపటిమ వల్ల ఇతరుల హక్కు ఆయన చేతి మీదుగా వారికి దక్కితే, అది నరకాగ్ని ముక్కేనని దాని సారాంశం. సాక్షాత్తు దైవప్రవక్త (స) తీర్పుకే ఆ షరతు ఉన్నప్పుడు ఫిర్యాదుల వేదిక తీర్పు మనకు హరామును హలాలు చేస్తుందా? వివాదం గెలవడం వేరు, హక్కు కలిగి ఉండటం వేరు. రుజువు లేనప్పుడు గత నెలల సగటును చూసి, అనుమానం ఉన్నచోట కొంచెం తమకు వ్యతిరేకంగానే లెక్క వేసుకోవడం మేలు.

గడువు దాటిన బాకీ

పైన చెప్పిన 56వ సెక్షనే మరో మాట చెబుతోంది. బిల్లుల్లో వరుసగా బకాయిగా చూపని సొమ్మును రెండేళ్ళ తర్వాత ఆ సెక్షన్ కింద వసూలు చేయరాదు. ఇది వినగానే కొందరికి ప్రాణం లేచి వస్తుంది. కాని కాలం గడిచినంత మాత్రాన హక్కు నశించదని మజల్లా స్పష్టం చేసింది. న్యాయస్థానం దావా వినకపోవచ్చు, బాకీ మాత్రం బాకీగానే ఉంటుంది. రెండేళ్ళు దాటాక సరఫరా ఆపలేకపోయినా, పొరపాటున తక్కువ వేసిన బిల్లుకు అదనపు సొమ్ము అడగకుండా ఆ గడువు అడ్డు రాదని సుప్రీం కోర్టు కూడా 2020లో ఒక అజ్మీర్ కేసులో చెప్పింది.

ఇంకా ముఖ్యమైన మాట. మనం ఎగ్గొట్టిన బిల్లు గాలిలో కలిసిపోదు. నిబంధనలు అనుమతించే చోట పాత యజమాని బకాయిని అదే స్థలానికి కొత్త కనెక్షను అడిగినవారి నుంచి రాబట్టవచ్చని కేరళ విద్యుత్ బోర్డుకు సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 2023 మే 19న తీర్పునిచ్చింది. అద్దె ఇల్లయితే కనెక్షను సాధారణంగా యజమాని పేరు మీదే ఉంటుంది. మన బాకీ ఆయన నెత్తిన పడుతుంది, లేదా మన తర్వాత దిగిన మరో పేద కుటుంబం మీదకు పోతుంది. "కంపెనీని ముంచాం" అనుకున్నవాడు నిజానికి తనలాంటివాణ్ణే ముంచాడు. లెక్కల దినాన మన ముందు నిలబడేది కంపెనీ బోర్డు కాదు, ఆ మనిషి.

వెళ్ళేముందు

దివ్య ఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన ఆయతు, అల్ బఖరా సూరా 282వది, అప్పు రాసుకోవడం గురించే ఉంది. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని అందులో ఆదేశం ఉంది. కాబట్టి ఇల్లు మారే రోజున మీటరు అంకెను తేదీతో రాసి, ఫోటో తీసి, యజమానితో సంతకం చేయించుకోండి. కరెంటాఫీసులో సర్వీసు నంబరు చెప్పి చివరి రీడింగు తీయమని కాగితం ఇవ్వండి. కట్టిన రసీదులు సామానుతో పాటే భద్రంగా తీసుకెళ్ళండి. కొత్త చిరునామా, ఫోను నంబరు యజమాని దగ్గర వదలండి. అడగడానికి వీలు లేకుండా పోవడం ఊరు మారడం కాదు, పారిపోవడం.

కరువు మన చేతుల్లో లేదు. ఊరు విడవడం కూడా చాలాసార్లు మన చేతుల్లో లేదు. వెనుక ఏం వదిలి వెళ్తున్నామన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. మన మీద ఉన్నది తీర్చే నిజాయితీని, మన మీద లేనిదాన్ని మర్యాదగా కాదనే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.