ఇల్లాలి ఓర్పు, ఇంటాయన వేడుక

"ఆయనకొక వేడుక కలదు, పాపము, ఆమె ఓర్చుకొనుచున్నది" అని లోకులు ఒక దంపతులనుగూర్చి చెప్పుకొనునప్పుడు ఆ మాటలో ఇరువురికిని మెప్పే కలదు. ఆయన రసికుడు, ఆమె ఉత్తమురాలు. ఆయన తన యిష్టము వచ్చినది చేసి రసికుడయ్యెను; ఆమె తన యిష్టమును చెప్పక ఉత్తమురాలయ్యెను. ఈ పంపకము న్యాయమైనదేనా యని మేము చిరకాలము విచారింపలేదు. ఏలయన, ఆ రసికులలో మేమును ఒకరము. మేము చిన్న రైళ్ళను సేకరించువారము.

నవ్వవలదని చదువరులను వేడుకొనము. నలువది యేండ్లు దాటి, పగలు బడిలో రఘువంశమును వ్యాకరణమును చెప్పు ఉపాధ్యాయుడు రాత్రి బల్లముందు మోకాళ్ళపై కూర్చుండి బొమ్మయింజనునకు నూనెచుక్క వేయుచుండుట చూచినవారికి నవ్వు రాక తప్పదు. నవ్వి, పిమ్మట మా ప్రశ్నను వినిన చాలును. ఒకరి వేడుకను మరియొకరు ఓర్చుకొనుట దాంపత్యమున గుణమా? గుణమైనచో, అది ఎల్లప్పుడును ఒక్కవైపుననే యుండుట ఏమి?

మేము కాపురముండునది హైదరాబాదు నగరమునందలి విద్యానగర్. మేడమీద నిలిచి చెవి యొగ్గినచో కాచిగూడకును సికింద్రాబాదునకును నడుమ తిరుగు బండ్ల చప్పుడు వినవచ్చును. విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్సు కాలేజి, సీతాఫల్‌మండి - విశ్వవిద్యాలయపు అంచున పూసలవలె గ్రుచ్చబడిన ఈ చిన్న స్టేషనుల పేర్లను మా అమ్మాయి ఓనమాలకంటె ముందుగా నేర్చెను. మా బాల్యమున ఈ మార్గమున మీటరుగేజి బండ్లు తిరిగెడివి. నిజాము కాలమున 1916లో కట్టిన కాచిగూడ స్టేషను గుమ్మటములక్రింద నిలిచి, తండ్రిగారి వ్రేలు పట్టుకొని, కదలిపోవు బండిని కనుమరుగగువరకు చూచిన బాలుడు మాలో నేటికిని ఉన్నాడు. అతనికే ఈ బొమ్మబండ్లు.

ఈ వేడుకలో పసితనమేకాక కొంత విద్యయు కలదు. లోకమున మిక్కిలి వాడుకలోనున్న కొలత ప్రకారము నిజమైన బండిలో 87వ వంతుగా బొమ్మబండిని చేయుదురు. దాని పట్టాల నడిమి దూరము 16.5 మిల్లీమీటర్లు. దీనిని 87 చేత గుణించినచో ఐరోపాఖండమున మిక్కిలిగా నున్న రైలుమార్గపు వెడల్పు, 1,435 మిల్లీమీటర్లు, వచ్చును. మన దేశపు బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. దానిలో 87వ వంతు 19 మిల్లీమీటర్లకు పైచిలుకు. కావున మన యింజనును ఎంత కొలత తప్పక చేసినను, బజారులో దొరకు పట్టాలమీద దానిని నిలుపవలెనన్నచో చక్రముల నడిమి దూరమును దాదాపు 3 మిల్లీమీటర్లు తగ్గింపవలసి వచ్చును. ఈ 3 మిల్లీమీటర్లనుగూర్చి మేము ఎన్ని రాత్రులు మథనపడితిమో లెక్కలేదు. అదే యింట, ఆరడుగుల పొడవును నాలుగడుగుల వెడల్పును గల మా బల్ల ఎవరి చోటును ఆక్రమించినదో కొలుచుటకు మాత్రము మాకు తీరిక దొరకలేదు.

ఇంగ్లీషున ఇట్టి వేడుకను 'హాబీ' యందురు. ఆ మాటకు మూలమున పొట్టిగుఱ్ఱమని అర్థము. పిమ్మట పిల్లలు కాళ్ళ నడుమ నుంచుకొని స్వారిచేయు కొయ్యగుఱ్ఱమునకు ఆ పేరు వచ్చెను. అటుపిమ్మట పెద్దల వేడుకకు చెల్లెను. పేరు పెట్టినవారు తెలివిగలవారు. కొయ్యగుఱ్ఱము నెక్కినవానికి తాను స్వారి చేయుచున్నట్లే తోచును. చూచువారికి వాని కాళ్ళే పరుగిడుచున్నట్లు కనబడును. మన సంస్కృతమున దీనికి రెండు మాటలు కలవు. మనస్సులోని బరువును తొలగద్రోయునది వినోదము. రెండవది వ్యసనము, ఆ మాటకు ఆపద యనియు అర్థము కలదు. ఈ రెంటికిని భేదము ఎంత ధనము వ్యయమయ్యెనను లెక్కచేత తేలదు. ఖరీదెంతయని ఇల్లాలు అడిగినప్పుడు తడబడక చెప్పగలిగినది వినోదము. చెప్పలేక దాచినది, వెల పది రూపాయలైనను, వ్యసనమునకు తొలిమెట్టు. ఈ సూత్రమును మేము గ్రంథములనుండి తెలిసికొనలేదు. మా వంటింటినుండి తెలిసికొంటిమి.

కొన్ని యేండ్లక్రిందట విదేశమునుండి ఒక ఆవిరియింజను నమూనాను తెప్పించితిమి. వెల 28,000 రూపాయలు. అది ఎంతకు వచ్చినదని ఇల్లాలు అడుగగా 4,000 అని చెప్పితిమి. అబద్ధమాడుచున్నామని అప్పుడు తోచలేదు. ఆమె మనస్సు నొవ్వకుండ కాపాడుచున్నామని తోచినది. 87వ వంతు కొలతలో వెండ్రుకవాసి తప్పును ఓర్వలేని మేము, వెలను ఏడవవంతు చేసి ఆమె ముందు నిలిపితిమి. ఆమె "అలాగా" అనెను. అంతటితో ఆ సంగతి ముగిసినదనుకొంటిమి. విదేశపు పార్సెలు సుంకమైన పడక ఇల్లు చేరినదని లోలోపల సంతసించితిమికూడ.

రెండేండ్ల పిమ్మట ఏదో కాగితము కొరకు వంటింటి అలమరలో వెదకుచుండగా మెంతుల డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన రసీదు దొరికినది. పార్సెలు వచ్చినదినమున మేము బడిలో నుంటిమి. తపాలా బంట్రోతు సుంకమును వసూలుచేసి ఇచ్చిపోయిన రసీదది. సుంకమే మేము చెప్పిన ధరకు రెండింతలకు పైగా నుండెను. సరకు విలువయు దానిపై వ్రాసియుండెను. ఇంటి ఖర్చునకు దాచిన పైకమునుండి ఆమె దానిని చెల్లించినది. చెల్లించిన నాటి సాయంకాలముననే వెల యెంతయని మమ్ము అడిగినది. ఆ కాగితమును చేతబట్టుకొని పోయి, "తెలిసియుండియు నన్ను అడుగలేదేమి?" అంటిమి. ఆమె బియ్యము ఏరుచు, తల యెత్తకయే, "అడిగాను కదండీ" అనెను.

మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. తక్కిన సగము ఏమయ్యెనని ఎవ్వరును అడుగరు. ఆ రెండేండ్లును ఆమె మౌనమును మేము పూర్తి అంగీకారముగా జమకట్టుకొంటిమి. పైగా మిత్రులయెదుట, "మా యింటిది ఒక్కమాట అనదు" అని గర్వముగా చెప్పుకొంటిమి. ఓర్పును పొగడుట ఎంత చవుకైన పనియో అప్పుడు తెలిసివచ్చెను. పొగడ్తతో బాకీ తీరినదని పొగడువాడు తలచును.

వెల సంగతి అట్లుండగా, చోటు సంగతి ఇంకను విచారింపవలసియున్నది. ఆమె పుట్టినిల్లు ఏటికొప్పాకకు చేరువ. వరాహనది యొడ్డున, అంకుడుకొయ్యను గుండ్రముగా త్రిప్పుచు చెక్కి లక్కరంగు లెక్కించి బొమ్మలు చేయు ఊరది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. పెండ్లియైన తొలి సంక్రాంతికి ఆమె పెట్టెడు బొమ్మలతో వచ్చెను. భోగినాడు ముందుగదిలో మెట్లు కట్టి, తెల్లని దుప్పటి పరచి, కొలువు తీర్చెడిది. కొండపల్లి అంబారీ యేనుగు, పెండ్లిపల్లకి, లక్కపిడతలు, వాని నడుమ ఆమె చిన్ననాటి కొయ్య రైలుబండి. పేరంటాండ్రు వచ్చి పాటలు పాడి, శనగలును తాంబూలమును పుచ్చుకొని పోయెడివారు. మూడు దినములు గడచిన పిమ్మట బొమ్మలన్నియు పాతచీర పేలికలలో చుట్టబడి మరల పెట్టె చేరెడివి. ఏడాదిలో మూడు దినములు ఆమె బొమ్మలకు. తక్కిన దినములన్నియు మా బొమ్మలకు. అయినను ఆమెది ఆచారమనియు మాది అభిరుచియనియు పేళ్ళు పడినవి. ఆచారమునకు ఒక యేడు సెలవు పెట్టవచ్చును. అభిరుచికి ఒక పూటయు పెట్టరాదు కాబోలు!

మా బల్ల వచ్చినది ఆ ముందుగదిలోనికే. మొదటి సంక్రాంతికి కొలువు రెండు మెట్లకు కురుచయయ్యెను. రెండవ సంక్రాంతికి బొమ్మలపెట్టె అటకెక్కెను. నాలుగేండ్లు మాకా సంగతి తెలియలేదు. తెలియలేదనుటకంటె చూడలేదనుట నిజము. పోయినయేడు భోగినాడు మా అమ్మాయి, "అమ్మా, మనింట్లో కొలువు పెట్టడం ఎందుకు మానేశావు?" అని అడిగినది. ఇల్లాలు మావైపు చూడనైన చూడక, "చోటు లేదమ్మా" అనెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. ఆరడుగులు, నాలుగడుగులు అను కొలత మాత్రమే యున్నది.

మా వేడుక యొక్క పుట్టుక తెలిసినవారికి ఈ సంగతి మరింత సిగ్గు కలిగింపవలెను. బొమ్మరైళ్ళకు పేరొందిన మెర్క్లిన్ సంస్థను జర్మనీలోని గోపింగెన్ పట్టణమున 1859లో స్థాపించిన థియోడర్ మెర్క్లిన్ అనునాతడు తగరపుపని చేయువాడు. ఆయన మొదట చేసినవి రైళ్ళు కావు. ఆడపిల్లల బొమ్మరిండ్లకు వలయు వంటసామానులు, మన లక్కపిడతలవంటివి. వానిని ఊరూర త్రిప్పి అమ్మినది ఆయన భార్య కరొలీన్. 1866లో భర్త మరణింపగా వ్యాపారమును నిలిపినదియు ఆమెయే. 1888లో కుమారులు దానిని చేపట్టిరి; 1891లో లైప్‌జిగ్ సంతలో కీ యిచ్చిన నడచు రైలును, విడివిడిగా కొని కూర్చదగు పట్టాలతో, లోకమునకు చూపిరి. అనగా మగవారి బొమ్మరైలు ఆడువారి బొమ్మవంటింటి సొమ్ముతో పుట్టి, ఒక వితంతువు కష్టముచేత బ్రతికినది. అట్టి రైలు మా యింట బొమ్మల పెట్టెను అటకెక్కించినది!

ఇచట మా మిత్రులొకరు సాలార్‌జంగు గారిని ఉదాహరింతురు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) దివాన్‌దేవిడీ నిండ దేశదేశముల వస్తువులను సేకరించెను. ఆయన గతించిన పిమ్మట, 1951 డిసెంబరు 16వ తేదీన ఆ సేకరణము ప్రజలకు ప్రదర్శనశాల యయ్యెను. 1968లో మూసీ యొడ్డునగల నేటి భవనమునకు చేరెను. పిల్లల బొమ్మలకు సైతము అందొక విభాగము కలదు. ఆయన అవివాహితుడు. "పెండ్లియాడియుండినచో మనకు ఆ మ్యూజియమే యుండెడిది కాదు" అని మా మిత్రుడు నవ్వును. ఈ హాస్యము స్త్రీలకు అన్యాయము చేయుచున్నది. దేవిడీలో గదులకు కొదువ లేదు. అచట ఒక బొమ్మకు చోటిచ్చుటకు మరియొక బొమ్మను అటకెక్కింప నక్కరలేదు. రెండు గదుల యింట ప్రతి జానెడు చోటును ఇరువురి సొత్తు. అట్టి యింటివాడు నవాబు మార్గమును అనుసరించినచో తన భాగముతోపాటు ఎదుటివారి భాగమును సైతము అనుభవించుచున్నాడనుటయే న్యాయము. పూణే నగరమున జోషీ కుటుంబమువారు 1998లో నెలకొల్పిన చిన్నరైళ్ళ ప్రదర్శనశాల మనకు దగ్గరి యుదాహరణము. అందు ఒకరి వేడుక కుటుంబమునకు పనియై, ఊరి పిల్లలకు విద్యయై నిలిచినది.

"త్రాగుడు లేదు, పేకాట లేదు, ఈ మాత్రపు వేడుకకు గూడ ఆక్షేపణయా?" అని కొందరు అడుగుదురు. ఈ వాదమును మేమే పలుమారులు చేసియుంటిమి. దుర్గుణము లేకుండుట పాత అప్పు లేకుండుటవంటిది. పాత అప్పు లేదుగదా యని పొరుగువాని పెట్టె తెరచుటకు హక్కు కలుగునా? వేడుకను మానుమని మేము చెప్పము. పగలెల్ల ఒరులకొరకు పాటుపడినవానికి, ఫలము కోరక చేతితో చేసికొను పని యొకటి యుండుట ఆరోగ్యము. కాని ఆ ఆరోగ్యము ఇల్లాలికిని కావలయును. ఆమెకు వేడుక యేదియు లేదని చెప్పు భర్త, అది ఏ అటకమీద నున్నదో మొదట వెదకి చూడవలెను.

వ్యాకరణము చెప్పి బ్రతుకువారము గావున ఒక్కమాట. సంస్కృతమున 'సహ' యనగా కూడ యని అర్థము. 'సహ్' అను ధాతువు వేరు. దానికి ఓర్చుకొనుట యని అర్థము, వేదభాషలో జయించుట యనియు కలదు. భార్యను సహధర్మచారిణి యని పిలుచునప్పుడు మనము మొదటి దానిని పలికి రెండవ దానిని కోరుచున్నాము. కూడ నడువుమని పిలిచి, ఓర్చుకొనుమని నిలుపుచున్నాము. మా బండి తొలిసారి సొరంగమునుండి వెలువడిన రాత్రి ఇల్లాలు చేతులు తుడుచుకొనుచు వచ్చి చూచి నవ్వినది. ఆ నవ్వు ఓర్పు కాదు, అది తోడు. ఓర్పును కోరి కోరి, ఆ తోడును మేము పోగొట్టుకొనుచుంటిమి.

పిమ్మట చేసినది స్వల్పము. అన్ని యింజనుల నిజమైన వెలలను ఒక పుస్తకమున వ్రాసి ఆమె చేతికిచ్చితిమి. ఆమె కూడి చూచి, కొంతసేపు ఊరకుండి, "నాకూ నెలకు ఇంత అని వేయండి, దేనికని అడగకండి" అనెను. అట్లే జరుగుచున్నది, దేనికని అడుగకుండుట మాకింకను కష్టముగనే యున్నది. తార్నాకనుండి వడ్రంగిని పిలిపించి, బల్లకు మడతబందులు వేయించి, గోడకు ఆనించునట్లు చేయించితిమి. ఈ సంక్రాంతికి అటకమీది పెట్టె దిగినది. ఆరేండ్ల దుమ్ము తుడువగా ఏటికొప్పాక రంగులు చెక్కుచెదరక యున్నవి. కొయ్య రైలుబండికి ఒక చక్రము మాత్రము ఊడియుండెను. దానిని మేమే అమర్చితిమి.

కొలువు తీరిన పిమ్మట మాకు ఉత్సాహము పుట్టి, "మెట్లచుట్టు పట్టాలు పరచి మా బండిని త్రిప్పెదమా?" అంటిమి. ఆమె నవ్వి, "ఈ మూడు రోజులూ వద్దండీ" అనెను.

ఆ మూడు దినములును మేము ఓర్చుకొంటిమి. కష్టముగనే యుండెను. ఆమె యేండ్లతరబడి చేసిన పనిని మేము మూడు దినములు చేసి, నాలుగవనాడు ఎవరైనను మెచ్చుకొందురేమోయని ఎదురుచూచితిమి. ఎవ్వరును మెచ్చుకొనలేదు.