శిశురోగమును గృహస్థధర్మమును



ఈశ్వరుఁడొక్కఁడే యనియు, నిరాకారుఁడనియు, దయామయుఁడనియు మనము ప్రతివారమును మందిరమునందుఁ జెప్పుకొనుచున్నాము. ఆ మాటలు చెప్పుట కష్టము కాదు. దీపములు వెలుఁగుచుండఁగా, కీర్తనలు వినఁబడుచుండఁగా, ఆరోగ్యముగల బిడ్డలు చెంతఁ గూర్చుండియుండఁగా దేవుని దయామయుఁడనుటకు గొప్ప విశ్వాస మక్కఱలేదు. ఇంటిలో రెండేండ్ల బిడ్డ జ్వరముతో వాడిన తోఁటకూరకాడవలె తల్లి భుజముమీఁద వ్రాలియున్న రాత్రి యీ మాటలకు నిజమైన పరీక్ష వచ్చును. ఆ రాత్రి మన మెవరిని నిందింతుము? ఎవరికి మ్రొక్కుదుము? ఏమి చేయుదుము? మన మతము పుస్తకములోనిదో బ్రదుకులోనిదో యీ మూఁడు ప్రశ్నలకు మన మిచ్చు ప్రత్యుత్తరములవలనఁ దెలియును. కాఁబట్టి నేఁడు రోగశయ్యయందలి శిశువును గూర్చియు, ఆ శిశువును జుట్టుకొనియున్న కుటుంబముయొక్క ధర్మమును గూర్చియు నాలుగు మాటలు మీతో మనవి చేయఁ దలఁచితిని.

సామాన్యముగాఁ జెప్పుటకంటె నొక వ్యాధిని నిదర్శనముగాఁ గైకొనుట మేలు. రెండేండ్లకును అయిదేండ్లకును నడుమనున్న పిల్లలకు హెచ్చుగా వచ్చెడి రక్తపు క్యాన్సరొకటి కలదు. దానికి వైద్యులు తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా యని పేరు పెట్టిరి. ఎముకలలోని మూలుగయందు రక్తకణములు పుట్టుచుండును. ఆ మూలుగలో ఎదుగని తెల్లకణములు మితిమీఱి పెరిఁగి తక్కిన కణములకుఁ జోటు లేకుండఁ జేయును. అందువలన ఎఱ్ఱకణములు తగ్గి బిడ్డ పాలిపోవును. రక్తము గడ్డకట్టుటకుఁ దోడ్పడు ప్లేట్‌లెట్లు తగ్గి, ఊరక తాఁకినచోటనే నీలిమచ్చ లేర్పడును. రోగములతోఁ బోరాడు శక్తి తగ్గి జ్వరము విడువకుండును. ఎముకలు నొచ్చి, నిన్నటివఱకుఁ బరుగులెత్తిన బిడ్డ నేఁడు నడువనని యేడ్చును.

ఇట్టి వ్యాధి సోఁకిన రెండున్నరయేండ్ల బాలికగల యొక కుటుంబమును నే నెఱుఁగుదును. తండ్రి యుద్యోగి, తల్లి ఉపాధ్యాయిని, ఆ యింట అవ్వయు, అయిదేండ్ల యన్నయుఁ గలరు. రోగనిర్ణయమైన వారములోపలనే మూఁడు తెఱఁగుల హితవులు వారి గడపకు వచ్చినవి. “ఇది పూర్వజన్మపాపము, ఎవరి కర్మము వారనుభవింపవలసినదే” యని యొకరనిరి. “కోడలి జాతకము మంచిది కాదు, మ్రొక్కు తీర్పకపోవుటచేత దేవత కోపించినది” అని మఱియొకరనిరి. “ఆఁడుపిల్లకై యిల్లమ్ముకొందురా? మఱియొక బిడ్డ కలుగకపోవునా?” యని మూఁడవవారు గొంతు తగ్గించి పలికిరి. ఈ మాటలు పలికినవారు దుర్మార్గులు కారు. ఆ బిడ్డను ముద్దాడినవారే, కంటఁ దడిపెట్టినవారే. శత్రువు పలికిన యసత్యమునకంటె బంధువు ప్రేమతోఁ బలికిన యసత్య మెక్కువ హాని చేయును. ఏలయనఁగా దానిని ద్రోసివేయుటకు మనకు నోరాడదు. కావున వానిని వరుసగా విచారింతము.

మొదటిది పాపవాదము. ఏడేండ్ల లోపు శిశువు చేసిన దేదియు నేరము కాదని 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతి 82వ సెక్షనున విధింపఁబడెను. 2024 జూలై 1వ తేదినుండి దాని స్థానమున నమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు 20వ సెక్షనునందు ఆ మాటనే చెప్పుచున్నది. మంచిచెడ్డల నెఱుఁగని మనస్సునకు శిక్ష లేదని, లోపములుగల మనుష్యులు చేసికొన్న శాసనమే యొప్పుకొనుచుండఁగా, న్యాయమునకు మూలమైన పరమేశ్వరుఁడు మాటలైన సరిగా రాని పసిబిడ్డను, ఆ బిడ్డకుఁ దెలియని జన్మములో జరిగిన తెలియని నేరమునకై సూదిపోటులతోను రక్తహీనతతోను దండించుచున్నాఁడని చెప్పుట భక్తి యగునా? మన యూరి మేజిస్ట్రేటునకున్న న్యాయబుద్ధియైన దేవునకు లేదని చెప్పుట కాదా? తల్లి జాతకమును నిందించుటయు నిట్టిదే. ఈ వ్యాధి కణములలోని జన్యుపదార్థమునఁ గలుగు మార్పులవలనఁ బుట్టునది. తల్లి గ్రహచారమువలనఁ గాని, ఆమె యత్తవారింటఁ గాలుపెట్టిన వేళవలనఁ గాని వచ్చునది కాదు. రోగియైన బిడ్డను రాత్రింబగళ్లు మోయుచున్న యామె నెత్తిమీఁద నపనిందను గూడఁ బెట్టుట క్రూరత్వము. అజ్ఞానమునకు శాస్త్రముపే రిడినంతమాత్రమునఁ గ్రూరత్వము ధర్మము కానేరదు.

రెండవది మ్రొక్కు. తీర్థమునకుఁ గొనిపోయి, జాతరలోఁ దల గొఱిగింపుఁడని చెప్పువారికి దెలియని దొకటి కలదు. ఈ చికిత్స జరుగునపుడు బిడ్డకు రోగనిరోధకశక్తి మిక్కిలి సన్నగిల్లును. జనసమ్మర్దమున సోఁకిన చిన్న జబ్బే ప్రాణాపాయము దేవచ్చును. తలవెండ్రుకలా, మందుల వేఁడికే రాలిపోవును. వానికై యే దేవతయుఁ గాచుకొనియుండలేదు. అయినచో ప్రార్థన వ్యర్థమా యని మీ రడుగవచ్చును. వ్యర్థము కాదు. ప్రార్థన యీశ్వరునకు లంచము కాదు. తన నియమములను మా యింటికిమాత్రము సడలింపుమని పెట్టుకొన్న యర్జీయుఁ గాదు. ఆ నియమములను దెలిసికొనుటకు బుద్ధిని, తెలిసినదాని నాచరించుటకు ధైర్యమును, ఫలమేదైనను బ్రేమను విడువకుండుటకు బలమును వేఁడుటయే ప్రార్థన.

ఆ బుద్ధి యెట్లు పనిచేసినదో చూడుఁడు. 1895లో భీమవరమునఁ బుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు, స్ప్రూ యను జీర్ణకోశవ్యాధిచేత సోదరులను గోల్పోయి, చెన్నపట్టణమున వైద్యము చదివి, అమెరికాకుఁ బోయి, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును గూర్చి పరిశోధనలు నడపిరి. ఆ యామ్లముయొక్క పని నడ్డగించు మందులను వారి బృందము సిద్ధపఱపఁగా, బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరను వైద్యుఁడు వానిలో నమినోప్టెరినును రక్తపు క్యాన్సరుగల పిల్లల కిచ్చి, 16 మందిలో 10 మందికిఁ దాత్కాలికముగా గుణము కనఁబడెనని 1948లోఁ బ్రకటించెను. అంతకు మున్ను ఆ వ్యాధి పేరు వినుటయే మరణశాసనము వినుట. సుబ్బారావుగారు ఆ యేడే గతించిరి. అమినోప్టెరినునకుఁ జెల్లెలివంటి మెథోట్రెక్సేటు నేఁటికిని ఈ చికిత్సయందు వాడఁబడుచున్నది. మన పెరళ్లలో నీళ్లు పోయకున్నను బూయు బిళ్ళగన్నేరుజాతి మొక్కనుండి విన్‌క్రిస్టీను వచ్చినది. మెర్కాప్టోప్యూరినును గనిపెట్టినవారిలో గెర్‌ట్రూడు ఎలియనను విదుషి యొకతె. ఆఁడుది యను కారణమున పరిశోధనశాలలలో నుద్యోగము దొరకక తిరిగిన యామెయే 1988లో నోబెలు బహుమాన మందెను. స్త్రీకి శాస్త్రవిద్య యేల యని యింకను అడుగువా రున్నచో, ఆ బాలిక ప్రతిరాత్రియు మ్రింగిన మాత్రయే వారికిఁ బ్రత్యుత్తరము. ఇవి యన్నియు దేవుని యనుగ్రహములు కావా? ఆకాశమునుండి విభూతి రాలుటయే యనుగ్రహమనియు, భీమవరపు బాలుని దుఃఖము పరులపిల్లల కౌషధమగుట యనుగ్రహము కాదనియు నెవరు నిర్ణయించిరి?

ఇట నింకొక మాట చెప్పవలసియున్నది. చికిత్సాకాలమున బిడ్డకు రక్తమును, ప్లేట్‌లెట్లును బలుమాఱు లెక్కింపవలసివచ్చును. కార్ల్ లాండ్‌స్టైనరు 1901లో మనుష్యరక్తమున వర్గభేదములు గలవని కనిపెట్టెను. ఏ, బీ, ఏబీ, ఓ యని యా వర్గములు నాలుగు; మనవారు చెప్పు వర్ణములును నాలుగే. కాని యా నాలుగు వర్గములను గాజుపలకమీఁదఁ బరీక్షించి చూపవచ్చును. ఈ నాలుగు వర్ణములను ఏ పరీక్షయు నింతవఱకుఁ గనిపెట్టలేదు. ఆ బాలిక యవ్వ మడి కట్టుకొని వంట చేయు నాచారవంతురాలు. ఒక రాత్రి ప్లేట్‌లెట్లు మిగులఁ దగ్గి, బిడ్డ ముక్కునుండి రక్తము కాఱఁజొచ్చెను. ముగ్గురు యువకులు వచ్చి రక్తమునకై చేయి చాఁచిరి. వారి రక్తవర్గమునే కాని కులము నెవ్వరు నడుగలేదు. కొన్ని దినములకు వారిలో నొకఁడు బిడ్డను జూడ నింటికి వచ్చినపుడు ఆ వృద్ధురాలు, “నా మనుమరాలి యొంటిలో నీ నెత్తురున్నది. నీతో నాకు మైలయేమి నాయనా?” యని తన చేతితో నన్నము వడ్డించెను. సహపంక్తిభోజనమును గూర్చి మనము చేసిన యుపన్యాసములు చేయలేని పనిని ఆ గిన్నెఁడు రక్తము చేసినది.

మూఁడవ హితవు అన్నిటికంటెఁ గఠినమైనది. మొదటి నెల చికిత్సతోనే నూటికి 90 మందికిఁ బైఁగా పిల్లలలో రోగకణములు సూక్ష్మదర్శినికిఁ గనఁబడకపోవును. బిడ్డ లేచి యాడును. అపుడు, “నయమైనది గదా, యిఁక సూదులేల, ఖర్చేల?” యను మాట పుట్టును. కనఁబడకపోవుట లేకపోవుట కాదు. నడుమ మందు మానినచో దాఁగియున్న కణములు మరల విజృంభించును. 1960వ దశాబ్దమున మెంఫిసు నగరమందలి సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డు పింకెలును అతని తోడివైద్యులును, మెదడుచెంత దాఁగిన కణములను గూడ వదలక చికిత్స చేసి, సంవత్సరములతరబడి యెడతెగక మందిచ్చి, ఇంచుమించు సగముమందిని బ్రదికించి చూపిరి. నేఁడు ధనికదేశములలో నూటికి దాదాపు 90 మంది బ్రదుకుచున్నారు. మనదేశమున నంతమంది బ్రదుకకుండుటకుఁ గల కారణములలోఁ జికిత్సను నడుమ విడుచుట యొకటి. మఱియు మన యాసుపత్రులకుఁ దేఁబడు బాలికలు బాలురకంటెఁ దక్కువ. ఆఁడుశిశువులను జంపుట మాన్పుటకై 1870లో నొక చట్టము చేయఁబడెను. చికిత్స మాన్పించి బిడ్డను నిశ్శబ్దముగా నింటికిఁ గొనిపోవువాని నట్టి చట్టము పట్టలేదు, అంతరాత్మ పట్టవలెను. ఆ తండ్రి, హితవు చెప్పిన పెద్దమనుష్యునితో వాదింపలేదు. “బాబాయిగారూ, రోగము మా పిల్లవానికి వచ్చియుండినను మీ రీ మాట యనియుందురా?” యని మాత్ర మడిగెను. ఆయన తల వంచుకొనెను.

ఇఁక కుటుంబధర్మము. చికిత్స రెండు మూఁడేండ్లు సాగునది. ఒక్కరాత్రి వీరత్వముతోఁ దీఱునది కాదు. దినదినమును జిన్నచిన్న పనులుగాఁ జేయవలసినది. చేతులు సబ్బుతోఁ గడుగుకొనక బిడ్డను దాఁకరాదు. కాచి చల్లార్చిన నీళ్లు, అప్పుడు వండిన యన్నము పెట్టవలెను. జ్వరము తగిలినచోఁ దెల్లవాఱువఱకు వేచియుండక తత్‌క్షణమే యాసుపత్రికిఁ గొనిపోవలెను. వైద్యునకుఁ దెలుపక కషాయములు, పసరులు పోయరాదు. పలుకరింప వచ్చు బంధువులు వాకిటనుండియే పలుకరించి, బిడ్డకు ముద్దు పెట్టుటకు మాఱుగా నాయింటికి వంట చేసి పంపుట మేలు. బిడ్డతో, “సూది నొప్పి పెట్టదు” అని యబద్ధమాడరాదు. “నొప్పి పెట్టును, నేను నీ చేయి పట్టుకొనియుందును” అనవలెను. సత్యము పలుకుటకు రెండున్నరయేండ్ల వయస్సు చిన్నది కాదు. ఆ యింట తండ్రి రాత్రులు మేల్కొనెను, మందుమాత్రల లెక్క తాను వ్రాసికొనెను, తల్లి నిదురించెను. దీనికిఁ గొందఱు నవ్విరి. పరిచర్య స్త్రీల పనియే యని యే వేదికమీఁద దేవుఁ డాజ్ఞాపించెను? అవ్వ యయిదేండ్ల మనుమని దగ్గఱ గూర్చుండి ప్రతిసాయంకాలమును గథ చెప్పెను. ఏలయనఁగా రోగిబిడ్డను జూచుకొను సందడిలో ఆరోగ్యముగల బిడ్డ యనాథ యగుచుండును. ధనము చాలనివారికి 2007లో నుమ్మడి యాంధ్రప్రదేశమున నారంభమైన యారోగ్యశ్రీవంటి పథకములు కలవు. వాని యర్జీలను నింపిపెట్టుట, ఆసుపత్రిలోఁ దోడుండుట చదువుకొన్నవారు చేయఁదగిన సేవ.

ఆ బాలిక చికిత్స ముగిసి నేఁడు పలకసంచితో బడికిఁ బోవుచున్నది. కాని సోదరులారా, ఆమె తల్లిదండ్రుల ప్రార్థన ఫలించినదని చెప్పి యిచ్చట నిలిచిపోయినచో నేను మీకు సత్యము చెప్పినవాఁడను కాను. ఆ వార్డులోనే ప్రక్కమంచముమీఁది బాలుఁడు బ్రదుకలేదు. వాని తలిదండ్రులును మందు మానలేదు, ప్రార్థన మానలేదు, ప్రేమ మానలేదు. వారి ప్రార్థన తక్కువదా? వారి దేవుఁడు వేఱా? కాదు. బ్రదికిన బిడ్డ మన పుణ్యమునకు బహుమానము కాదు. పోయిన బిడ్డ యెవరి పాపమునకును దండన కాదు. ఆ బాలుఁడు కడవఱకు నొంటరిగా లేఁడు. ఎవరి నిందయు వాని చెవి సోఁకలేదు. తండ్రి యొడిలోఁ గన్నుమూసెను. ఆ ప్రేమ యోడిపోయినదని నేను చెప్పఁజాలను. దయామయుఁడను మాటకు నర్థము దుఃఖము రానీయని వాఁడని కాదు. దుఃఖమున మనల నొకరికొకరిని ద్రోవఁజూపువాఁడని.

కృతజ్ఞత యెట్లు చూపవలెననినచో, తలవెండ్రుకలతోఁ గాదు. ఆ తండ్రి యేఁటికి మూఁడు మాఱులు రక్తదానము చేయుచున్నాఁడు. ఆ తల్లి, క్రొత్తగా వార్డునకు వచ్చిన తల్లులచెంతఁ గూర్చుండి వారికి ధైర్యము చెప్పుచున్నది. మనమందఱము చేయఁదగిన యర్చన యిదియే.

ఓ పరమపితా! మా బిడ్డలు నీవి. వారి రోగమునకు నిన్ను నిందింపకుండునట్లును, మాలో నొకరి నొకరు నిందింపకుండునట్లును మమ్ముఁ గాపాడుము. నీ నియమముల నెఱుఁగుటకు మాకు బుద్ధి నిమ్ము. తెలిసినదానిని దినదినమును జేయుటకు నోర్పునిమ్ము. ఆఁడుబిడ్డ యని, అన్యకులజుఁడని, బీదవాఁడని మా చేతు లెన్నఁడును వెనుకకుఁ దీయకుండునట్లు చేయుము. నేఁడీ రాత్రి నిదురలేక బిడ్డ నొడిలోఁ బెట్టుకొనియున్న ప్రతి తల్లికిని, ప్రతి తండ్రికిని దోడుగా నుండుము. ఆ తోడు మా రూపమున వారి యింటికిఁ జేరునట్లు మమ్ముఁ బంపుము. తథాస్తు.