ఆ కంప్యూటరుకి మన ఊరు తెలీదు నాయనా

రా నాయనా, ఇట్లా అరుగు మీద కూర్చో. ఆ ల్యాప్‌టాప్ కాసేపు మూసెయ్యి, అదేం పారిపోదులే. పొద్దుననగా దాని ముందు కూర్చున్నావంట, మజ్జిగ కూడా ముట్టలేదని మీ అమ్మ చెప్పింది. మైపాడు దారిలో మీ నాన్న కొన్న స్థలంలో ఇల్లు నువ్వే గీస్తానన్నావు. సంతోషం. పరాయివాళ్లు గీసినదానికంటే ఇంటి బిడ్డ గీసిన ఇంట్లో ఉండటం వేరు. నీ మనసు మంచిదే, కాదనను. నీ తొందరే నాకు నచ్చడం లేదు.

ఎదురింటి తాతకు ఈ సాఫ్ట్‌వేర్ల సంగతేం తెలుసు అనుకోకు. నెల్లూరులో ముప్పై ఏళ్లు డ్రాయింగు బోర్డు ముందు నిలబడ్డాను. గీత తప్పితే బ్లేడుతో గీకాలి, రెండుసార్లు గీకితే ట్రేసింగు కాగితం చిరిగిపోతుంది. ఆ భయంతోనే పెన్ను పట్టకముందు స్థలానికి పోయి కొలుచుకొని వచ్చేవాళ్లం. నీకు ఆ భయం లేదు. తప్పు చేస్తే వెనక్కి పోయే బటన్ ఉంది. గోడ కట్టేశాక మాత్రం ఆ బటన్ ఉండదు, గుర్తు పెట్టుకో.

ఆ సాఫ్ట్‌వేరు తెలివైందే. అయితే దానికి మన ఊరు తెలీదు. మన ఉప్పుగాలి తెలీదు, మీ నాయనమ్మ మోకాళ్లు తెలీదు. నువ్వు చెప్పాలి. చెప్పకపోతే అది పుట్టిన దేశంలో ఇల్లెట్లా ఉంటుందో అట్లాగే గీసి పెడుతుంది.

మొన్న ఏం జరిగింది? స్నేహితుడు పంపిన ఫైలు తెరిస్తే ఇల్లంతా అగ్గిపెట్టె అంత అయిపోయిందని తల పట్టుకున్నావు. అతను అంగుళాల్లో గీశాడు, నీ దగ్గర మిల్లీమీటర్లు పెట్టి ఉంది. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కాబట్టి అంతమేరా కుంచించుకుపోయింది. నువ్వేమో మౌసుతో పట్టి లాగి కంటికి సరిపోయినంత పెద్దది చేశావు! కంటి అంచనాకు ఇల్లు కడతామా? ముందు యూనిట్లు చూసుకో. మీ నాన్న 30 అంకణాలన్నాడు. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు పోతే అదే మాటకు 36. 30 అంకణాలంటే ఇక్కడ 2,160 చదరపు అడుగులు, అంటే 36 అడుగులకు 60 అడుగుల స్థలం. కాగితం మీద అంతే ఉండొచ్చు. నేల మీద నాలుగు వైపులూ అంతే ఉందా? మూలకు మూల టేపు పట్టి చూశావా? చూడలేదు. చూడకుండా గీస్తున్నావు.

గోడల సంగతీ అంతే. ఆ సాఫ్ట్‌వేరులో తయారుగా ఉన్న గోడ 5 అంగుళాలు, నువ్వు అదే లాగేశావు. చెక్కతోనూ పలకలతోనూ ఇళ్లు కట్టేవాళ్లకు అది చాలు. మనది 9 అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా పూత వేస్తే 10 దాటుతుంది. వరసగా మూడు గదులుంటే నాలుగు గోడలు, 20 అంగుళాలు అక్కడే పోయె. తెర మీద పట్టిన మంచం గదిలో పట్టదు. అప్పుడు మేస్త్రీ మీద కేకలేస్తావు, పాపం అతనేం చేస్తాడు?

ఇంకో మాట, ఇది నిదానంగా విను. నీడ ఎక్కడ పడుతుందో చూపించే సౌకర్యం ఉంది కదా అందులో, దాన్ని చూసే కదా ఉత్తరం వైపు కిటికీలకు సజ్జలు తీసేశావు, అటు మిట్టమధ్యాహ్నం ఎండే రాదని. ఆ బొమ్మలో ఊరు ఏదని పెట్టావో చూడు. అమెరికాలో ఏదో ఊరు అట్లాగే ఉంది. అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే ఉంటాడు. మన నెల్లూరు భూమధ్యరేఖకు 14 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉంది. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా మనకు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. అంటే రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ నీ సజ్జ లేని గోడ మీదే. ఊరి పేరు మార్చడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ నిమిషం పెట్టకపోతే ఇరవై ఎండాకాలాలు మీ అమ్మ ఆ గదిలో ఉడికిపోతుంది. ఉత్తరం గుర్తు కూడా సరిచేసుకో. తెరకు పైవైపంతా ఉత్తరం కాదు. రేపు వాస్తు చూసే పెద్దాయన వచ్చి ఈశాన్యం ఎక్కడంటే తప్పు మూల చూపిస్తావు, ఇంట్లో నెల రోజులు గొడవ.

వాన సంగతి ఆ సాఫ్ట్‌వేరు అసలే ఎరగదు. నేలంతా పచ్చగా, చాప పరిచినట్టు చూపిస్తుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తూర్పు నుంచి జల్లు కొడుతుంది. 1984 నవంబరు తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటినప్పటి సంగతి మీ నాయనమ్మను అడుగు. 2021 నవంబరులో పెన్న పొంగడం నువ్వే చూశావు. అట్లాంటి చోట బేస్‌మట్టం అడుగు ఎత్తు పెట్టావేంది? చుట్టుపక్కల వాళ్ల గోడల మీద నీటి మరకలు చూడు, ఎక్కడిదాకా వచ్చిందో వాళ్లనే అడుగు, ఆ ఎత్తు బొమ్మలో వెయ్యి. సెక్షను బొమ్మ కూడా కడపలో ఎవరో కట్టినదాన్ని తెచ్చి అతికించావు. కడ్డీల మీద కాంక్రీటు కవరు 20 మిల్లీమీటర్లట. సముద్రపు గాలికి ఎదురుగా ఉండే కట్టడానికి ఐఎస్ 456 ప్రకారం 45 మిల్లీమీటర్లు కావాలి, కాంక్రీటు కూడా ఎం30కి తగ్గకూడదు. మీ పెరట్లో ఇనప గేటు ఎన్నేళ్లకు పొరలు పొరలుగా రాలిందో చూశావుగా. స్లాబులో కడ్డీ కూడా ఇనుమే నాయనా. ఇంజనీరుకు చూపించు, సంతకం పెట్టించు. అది నీ పని కాదు, నా పనీ కాదు.

మెట్ల దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ముందు గదులకు 9 అడుగుల ఎత్తు పెట్టావు. గాలి కావాలని మీ అమ్మంటే 10 చేశావు, మంచిదే. మెట్లు పైదాకా అందలేదు, ఎర్రగా హెచ్చరిక వచ్చింది. నువ్వేం చేశావు? హెచ్చరిక కనపడకుండా ఆపేసి, 15 మెట్లలో సర్దేశావు. స్లాబు మందం 5 అంగుళాలు కలిపితే ఎక్కాల్సింది 125 అంగుళాలు. 15 మెట్లయితే ఒక్కోటి 8 అంగుళాలు దాటుతుంది. 18 పెడితే 7 లోపు వస్తుంది, ఇంకో మూడు మెట్లకు చోటు వెతకాలి, అంతే కదా. దండెం మీద చీరలు తీయడానికి రోజూ డాబా ఎక్కేది ఎవరు? మీ నాయనమ్మ. అది ఎర్రగా అరిచింది ఆమె కోసమే అనుకో. హెచ్చరిక వస్తే ఆగి చదువు. చదవకుండా నోరు మూయించే అలవాటు ఇల్లు గీయడంలోనే కాదు, ఎక్కడా మంచిది కాదు.

మొన్న కరెంటు పోయి రెండు రోజుల పని పోయిందని ఏడుపు మొహం పెట్టావు. ఆటోక్యాడ్ అయితే పాత కాపీని డాట్ బ్యాక్ అని ఫైలు పక్కనే ఉంచుతుంది, చివర డీడబ్ల్యూజీ అని మార్చి తెరువు. అయినా రోజూ సాయంత్రం తేదీ వేసి వేరే పేరుతో ఒకటి దాచుకో, పెన్‌డ్రైవ్‌లో ఒకటి వేసుకో. తుఫాను నెలల్లో మన వైపు కరెంటును నమ్ముకుంటే ఎట్లా?

సరే, ఎండ తగ్గింది. లే. టేపు తీసుకో, ఒక చివర పట్టుకోవడానికి నేనూ వస్తాను. మీ అమ్మను, నాయనమ్మను కూడా బండి ఎక్కించు. పొయ్యి ఎటు ఉండాలో, కాళ్లు కడుక్కునే పంపు ఎక్కడ కావాలో ఆ స్థలంలో నిలబడి వాళ్లనే చూపించమను. ముందు మజ్జిగ తాగిరా పో.