కాయకము జరిగినది, దాసోహము జరిగినదా?



రోగమునకు మందు తెలిసియుండియు అది రోగికి చేరనిచో ఆ దోషము ఎవరిది? కనుగొన్న శాస్త్రజ్ఞునిదా, తయారుచేయని వ్యాపారిదా, లేక అడుగక ఊరకున్న మనదా? ఆఫ్రికా ఖండమునందలి రెండు వ్యాధుల చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పుచున్నది.

మొదటిది ఎబోలా. 1976లో జయీర్, సూడాన్ దేశములందు ఈ వ్యాధి తొలిసారి గుర్తింపబడినది. సోకినవారిలో సగటున సగముమంది మరణింతురు. కెనడాలోని విన్నిపెగ్ నగరమందలి ప్రభుత్వ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు దీనికి టీకాను రూపొందించి, అది కోతులను కాపాడినదని 2005లో ప్రకటించిరి. అటుపిమ్మట దాదాపు పదేండ్లు ఆ టీకా మనుష్యులపై పరీక్షకైనను నోచుకొనలేదు. వ్యాధి మారుమూల పల్లెలలో అప్పుడప్పుడు వచ్చునది. వెలపెట్టి కొనువారు లేరు. 2014 నుండి 2016 వరకు గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశములలో అది చెలరేగి 11,300 మందికి పైగా బలిగొన్నది.

టీకాను తొందరపడి వేయరాదు, పరీక్షకు కాలము పట్టును గదా యని కొందరందురు. నిజమే, జాగ్రత్తయు ధర్మమే. కాని ఆ భయము సంపన్న దేశముల గుమ్మము త్రొక్కిన 2014లోనే మనుష్యులపై పరీక్షలు మొదలైనవి. 2015లో గినీలో రోగి చుట్టుపట్లవారికి టీకా వేసి చూడగా, అది గట్టిగా రక్షించుచున్నదని తేలినది. పదేండ్లుగా కదలని పని మాసములలో కదలినది. కావున ఆ పదేండ్ల ఆలస్యమును జాగ్రత్త యనుటకు వీలులేదు, అది ఉపేక్ష.

రెండవది మెదడు పొరలకు వచ్చు వాపు, మెనింజైటిస్. సహారా ఎడారికి దిగువనున్న దేశములలో 1996-97లో ఇది సుమారు 25,000 మందిని హరించినది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, పాత్ అను సంస్థయు కలిసి టీకా ప్రయత్నమునకు పూనుకొనినవి. ఆ దేశములు ఎంత చెల్లింపగలవని ముందుగా విచారించిరి. మోతాదునకు అర డాలరు మించరాదని తేలినది. ఆ వెలకే పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసినది. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో టీకాలు ఆరంభమైనవి. పిమ్మట 'ఎ' రకపు ఆ వ్యాధి ఆ ప్రాంతమున దాదాపు అదృశ్యమైనది.

ఈ రెండింట భేదమెక్కడ? విద్యలో కాదు, శ్రమలో కాదు. విన్నిపెగ్ శాస్త్రజ్ఞులు తమ కాయకమును నిష్ఠతో చేసిరి. దాని ఫలము సమాజమునకు దాసోహము కాలేదు. బసవేశ్వరుడు ఈ రెండింటిని విడదీయలేదు. దాసోహము లేని కాయకము వండి మూతపెట్టిన అన్నము వంటిది. ఆకలి యెదుట నున్నను అది ఆకలిని తీర్పదు.

తయారీదారునకు ఖర్చు గిట్టవలెననుట అధర్మము కాదు. గిట్టనిచోట ఆ భారమును ప్రభుత్వములు, ధర్మసంస్థలు, మనము పంచుకొనవలెను. మఠమున పంక్తి చివర కూర్చున్నవానికి అన్నము చేరనిదే వడ్డన ముగిసినదని ఎవరును అనరు. టీకా విషయమునను అదియే నియమము కావలెను. ఆ చివరివాడు మన ఊరివాడు కాకపోయినను, మన భాష యెరుగకపోయినను, పంక్తి ఒక్కటే.