చిన్నమామ్మ గాజులు

దూరదేశంలో పోయిన మనిషి ఎప్పుడు పోయినట్టు? ఊపిరి ఆగిన రోజునా, ఇంట్లో తెలిసిన రోజునా? ఈ ప్రశ్న నాకు ఏ గ్రంథంలోంచో రాలేదు. పెద్ద పండక్కి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు చిన్నమామ్మ పేరున పెట్టే చీర మీద గాజులు, పసుపు కుంకుమ ఉంచాలా వద్దా అని మా ఇంట్లో మొన్న వచ్చిన మాట ఇది.

చిన్నమామ్మ భర్త, మా చినతాత, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మండపేట నుంచి మిలట్రీలో చేరాడు. తిరిగి రాలేదు. గోదావరి జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలటరీ మాధవరమనే పిలుస్తారు. ఊరు ఊరంతా పటాలానికి మనుషుల్ని పంపింది కాబట్టి వాళ్ల జ్ఞాపకాన్ని ఊరే మోసింది. ఒక్కడే వెళ్లిన మాలాంటి ఇళ్లలో ఆ బరువు ఒక్క ఆడమనిషి మీద పడింది.

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 1917లో ఏర్పడింది. రెండు ప్రపంచయుద్ధాల్లో బ్రిటిషు సామ్రాజ్యం తరఫున పోయినవాళ్ల వివరాలు ఇప్పుడు అది ఇంటర్నెట్లో పెట్టింది, పైసా కట్టక్కర్లేదు. అయితే మనవాళ్లను పేరు పెట్టి వెతికితే తేలరు. చాలామందికి ఇంటిపేరు రాయలేదు. అప్పన్న అంటే ఒట్టి అప్పన్నే, ఎంతమంది అప్పన్నలో! అందుకని ‘అదనపు సమాచారం’ అనే గడిలో ఊరిపేరు కొట్టాలి, ఇంగ్లీషులో దాన్ని ఎన్ని రకాలుగా రాయడానికి వీలుంటే అన్ని రకాలుగానూ. దొరికితే అక్కడ ఒక్క వాక్యం ఉంటుంది: ఫలానావారి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, తూర్పు గోదావరి. ముత్తాత పేరును ట్రంకు పెట్టెలో ఉన్న పాత దస్తావేజుతో సరిచూసుకున్నాను. చిన్నమామ్మ పేరుకి ఆ అవసరం రాలేదు. ఇండియన్ పయనీర్ కోర్. 1944. రంగూన్ స్మారకం.

రంగూన్ పొలిమేరలో తౌక్యాన్ అనే చోట ఉంది ఆ స్మారకం. సమాధి ఎక్కడుందో తెలియని దాదాపు 27,000 మంది పేర్లు దాని మీద ఉన్నాయి. ఆ ప్రాంగణంలోనే, తమ మతాచారం ప్రకారం దహనమైన వెయ్యిమందికి పైగా భారతీయ సైనికులకు వేరే స్మారకం ఉంది. చినతాత పేరు ఆ రెండో దాని మీద లేదని చూసినప్పుడు నా కడుపులో దేవినట్టయింది. సమాధి లేకపోవడం మాకు లోటు కాదు. నిప్పు దక్కకపోవడం లోటు.

పేరైనా మిగిలినందుకు సంతోషించాలి. మొదటి యుద్ధం నాటి బస్రా స్మారకం మీద భారతీయుల్లో అధికారుల పేర్లే చెక్కారు. సిపాయిలు రెజిమెంటుకు ఇంతమంది అన్న అంకెల్లోకి పోయారు. కనీసం 1,16,000 మందిని, వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, ఈజిప్టు వాళ్లు, పేరుతో స్మరించనేలేదని ఆ కమిషనే 2021లో నివేదిక వేసి క్షమాపణ చెప్పుకుంది. మనకు ఇంత దగ్గర్లో ఉన్న యానాంలో మాత్రం ఫ్రెంచివాళ్లు రాసుకున్న జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఉన్నాయి. వాటిని ఫ్రాన్సులోని ఎక్స్ నగరపు ఆర్కైవ్సు వాళ్లు ఉచితంగా చూడనిస్తున్నారు. యానాంలో కూలివాడి పుట్టుక కూడా దొరుకుతుంది. మా చినతాత కాగితానికి ఎక్కాలంటే చావాల్సి వచ్చింది.

ఇక చిన్నమామ్మ. పోస్టాఫీసులో వేలిముద్ర వేసి డబ్బు తెచ్చుకునేది. అది జీతమో పెన్షనో ఆమెకు విడమరిచి చెప్పినవాళ్లు లేరు. ఇంటి మగవాళ్లకు తెలిసే ఉంటుందని నా నమ్మకం. ఆచూకీ లేనివాడి కోసం పన్నెండేళ్లు చూసి, దర్భలతో, మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చెయ్యమంటుంది శాస్త్రం. చట్టానికైతే ఏడేళ్లే చాలు. ఆమె దేనికీ ఒప్పుకోలేదు. “కర్మ చేస్తే ఆయన్ని మనమే చంపినట్టు” అనేది. ముత్తైదువగానే పోయింది, ముత్తైదువగానే సాగనంపారు.

ఇప్పుడీ రికార్డు వచ్చాక మా తమ్ముడన్నాడు, 1944 నుంచీ ఆమె విధవే కదా, ఆ గాజులు పెట్టడం అబద్ధం కాదా అని. అక్క వాడి మీద విరుచుకుపడింది. “ఒరే, ఆ బొట్టు ఆవిడ కనిపెట్టుకుని ఉండి నిలబెట్టుకున్నదిరా. నీ కంప్యూటర్ చెరుపుతుందా?”

అక్కది ఆవేశమనుకోవద్దు, శాస్త్రం ఆమె పక్కనే ఉంది. దూరాన పోయినవాడి కబురు ఆలస్యంగా అందితే మైల విన్నప్పటి నుంచే పడతారు మనవాళ్లు. పదిరోజుల్లోపు వింటే మిగిలిన రోజులు పడితే చాలు. ఎప్పుడో విన్న దూరపు జ్ఞాతికి స్నానంతో సరి. భార్యాబిడ్డలు మాత్రం ఎప్పుడు విన్నా పదిరోజులూ పట్టాలి. అంటే మనిషి పోవడం వేరు, ఆ పోవడం మనకు తగలడం వేరు అని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. చిన్నమామ్మ వినలేదు. వినని చావు ఆమెను విధవను చెయ్యలేదు. తారీకు చినతాతది, దాన్ని తీసుకెళ్లి వెనక్కి ఆమె నుదుటి మీద పెట్టే అధికారం మనకు లేదు.

ఇంకో మాట కూడా అనాలి. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. అరవై ఏళ్లు దాటాక కూడా మా ఇళ్లలో భర్త పోయిన పిల్లకు బొట్టు చెరిపి మూలన కూర్చోబెట్టేవాళ్లు. కబురు రాకపోవడం వల్లే ఒక మనిషి దాన్ని తప్పించుకుంది. పండగనాడు ఆ పని ఇప్పుడు నేను పూర్తి చెయ్యాలా? చెయ్యను. గాజులు ఉంటాయి. పక్కన పంచె, కండువా మొదటిసారి పెడతాం.

విన్నవాణ్ణి నేను. కాబట్టి నా వంతు నాకు ఉంది. కోటిపల్లి రేవులో స్నానం చేసి వచ్చాను. పురోహితులు గారు ఆ తారీకుకు పంచాంగంలో తిథి కట్టారు గానీ, సైన్యం రాసుకున్నది పోయిన రోజో, కనబడకుండా పోయిన రోజో తేలదు కనక మహాలయ అమావాస్యే క్షేమమన్నారు. ఆయుధంతో చచ్చినవాళ్లకు ఆ పక్షంలో చతుర్దశి చెప్పారు కదండీ అన్నాను. “తూటాకే పోయారని ఉందాండీ అందులో?” అని అడిగారు. లేదు. పయనీర్లు రోడ్లు వేసినవాళ్లు, మూటలు మోసినవాళ్లు. బర్మా అడవుల్లో మలేరియాకు పోయినవాళ్లు చాలామంది. అయినా జ్వరమున్న చోటికి ఆయన్ని తోలుకెళ్లింది యుద్ధమే కదా, ఆ చతుర్దశి ఆయనకూ చెందాలని నా వాదన. గ్రంథం చూసి చెబుతానన్నారు.