బాలుని భవిష్యత్తును లెక్క కట్టవచ్చునా?



లెక్క వేయుట మంచిదా, చెడ్డదా? పరిశుద్ధ గ్రంథములో రెండు విధములైన లెక్కలు కనబడుచున్నవి. గోపురము కట్టగోరువాడు ముందుగా ఖర్చు చూచుకొనవలెనని ప్రభువు బోధించెను, అది వివేకము. దావీదు తన యోధులను లెక్కింపజేసెను. పిమ్మట అతని మనస్సే అతనిని గద్దించెను. లెక్క ఒక్కటే గాని లెక్కించు హృదయములు వేరు. ఈ భేదమును అమెరికా దేశపు ఆటయైన బేస్‌బాల్ తేటగా చూపుచున్నది.

క్రికెట్‌లో బౌలరు ఎట్టివాడో, ఆ ఆటలో పిచ్చరు అట్టివాడు. అతడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి బంతి విసరును. గురిలోనికి వచ్చిన బంతిని ఎదుటివాడు మూడు మారులు కొట్టలేకపోయిన ఔటగును. దానిని స్ట్రైక్ఔట్ అందురు. పిచ్చరే నాలుగు మారులు గురి తప్పిన యెడల ఎదుటివాడు ఊరకనే మొదటి స్థానమునకు నడచిపోవును. దానిని వాక్ అందురు. పెద్ద జట్లు 18 ఏండ్ల బాలురకు సహితము లక్షల డాలర్లిచ్చి చేర్చుకొనును. గనుక ఈ పిల్లవాడు కొన్ని యేండ్లకు ఎట్టివాడగునో ముందే తెలిసికొనగోరుదురు.

2001లో వోరోస్ మెక్రాకెన్ అను ఆయన ఒక సంగతి బయలుపరచెను. కొట్టబడిన బంతి మైదానములో పడుటయు పట్టబడుటయు చాలవరకు పిచ్చరు చేతిలో లేదు. అతని సొంత నేర్పు స్ట్రైక్ఔట్లలోను వాక్‌లలోను ఎక్కువగా కనబడును. 2003లో నేట్ సిల్వర్ పెకోటా అను పద్ధతిని వెలువరించెను. అది వయస్సులోను, దేహములోను, ఆటలోను ఒక యువకుని పోలిన పూర్వపు ఆటగాండ్రను వెదకి, వారి గతిని బట్టి ఇతని గతిని అంచనా వేయును. ఒకే సంఖ్యతో తీర్పు చెప్పక, బాగుగా సాగిన ఇంత, సాగనియెడల ఇంత అని హద్దులు చూపును. ఇది నిజాయితీగల పని. గుంపును గూర్చి ఇట్టి లెక్క మేలైన మాట చెప్పగలదు. ఆ గుంపులోని ఒక్కనిని గూర్చి కాదు.

శాండీ కోఫాక్స్ మొదటి ఆరేండ్లలో 36 ఆటలు గెలిచి 40 ఓడెను. అతడే 1963, 1965, 1966లలో ఉత్తమ పిచ్చరునకిచ్చు సై యంగ్ బహుమానము పొందెను. గ్రెగ్ మాడక్స్ 1987లో 6 గెలిచి 14 ఓడెను. తుదకు 355 గెలిచెను. బ్రయన్ టేలర్ 1991లో దేశమంతటిలో మొదటివానిగా ఎంచబడి 15 లక్షల 50 వేల డాలర్లు పొందెను. 1993లో భుజము గాయపడగా, పెద్ద జట్టు పక్షమున ఒక్క ఆటయైనను ఆడలేదు. ఏలీయాబు ఎత్తును చూచి సమూయేలు సహితము పొరబడెను గదా! గొర్రెలయొద్దనున్న చిన్నవానిని కన్నతండ్రియే లెక్కలోనికి తేలేదు.

లెక్క తప్పిపోవుటకంటె గొప్ప కీడు మరియొకటి కలదు. వేగమును కొలిచి వేగమునకే వెల కట్టుచుండగా, బాలురు తమ బలమంతటితో విసరి మోచేతులు చెడగొట్టుకొనుచున్నారు. 2024 డిసెంబరులో ఆ పెద్ద జట్ల సంస్థవారే ప్రకటించిన నివేదికలో, పిచ్చర్ల గాయములు పెరుగుటకు ఈ వేగపు ఆశ ముఖ్య కారణములలో ఒకటిగా చూపబడెను. చూచితిరా? భవిష్యత్తును తెలిసికొనుటకై పుట్టిన కొలత ఆ భవిష్యత్తునే పాడుచేయుచున్నది.

అయితే 2007లో బాలుర సంఘమైన లిటిల్ లీగ్ వారు ఒక దినమున విసరదగిన బంతులకు మితి పెట్టిరి. 11, 12 ఏండ్లవారికి 85 బంతులు. ఇదియు లెక్కయే. కాని యిది బాలునియొద్దనుండి ఎంత రాబట్టవచ్చునని అడుగదు. బాలుని ఎంత కాపాడవలెనని అడుగును.

తలిదండ్రులారా, ఉపాధ్యాయులారా, మన చేతులలోను మార్కుల పట్టీలున్నవి. వాటిని చూడవద్దనుట లేదు. బిడ్డకు ఎక్కడ సహాయము కావలెనో అవి చెప్పును గాక. బిడ్డ విలువ ఎంతయో అవి చెప్పనేరవు. పట్టీని చేత పుచ్చుకొన్న ప్రతి మారును, నేను ఎవని మేలుకొరకు లెక్కించుచున్నానని మనలను మనము ప్రశ్నించుకొందము. మన తలవెండ్రుకలను లెక్కించిన తండ్రి మనలను వెల కట్టుటకు గాక, పోగొట్టుకొనకుండుటకే లెక్కించెను. ఆయన మనస్సు మనకును కలుగును గాక.